వయసు రోగం పేరు కాదు

“పాత బండి కదా సార్, కరెంటు పని ఇలాగే ఉంటుంది. పది తీసేసి ఇరవై అయిదు వేశాను. ఇంక పోదు.”

మా ఇంటి పాత కారు పార్కింగ్ లైట్ల ఫ్యూజు నెలలో మూడోసారి పోయినప్పుడు ఒక షాపులో నాకు దొరికిన జవాబు ఇది. చెప్పినతను మోసగాడు కాడు. పని నేర్పినవాళ్లు తనకు ఏం చెప్పారో అదే నాకు చెప్పాడు. పక్కన నిలబడ్డవాళ్లూ తలూపారు. వాళ్లలో ఒకాయన, “ఎన్నాళ్లని తిరుగుతారు? వైరింగ్ మొత్తం పీకించి కొత్తది వేయించండి, లేకపోతే అమ్మేసి వేరే బండి చూసుకోండి” అన్నాడు. పెద్ద ఫ్యూజు, కొత్త వైరింగు, కొత్త బండి. పాత బండికి కరెంటు జబ్బు చేస్తే మనవైపు రాసిచ్చే మందులు ఈ మూడే. మూడింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: బండి పాతబడితే కరెంటు పాడవుతుంది, ఎక్కడ పాడైందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, వెతకడం దండగ.

ఈ నమ్మకం పూర్తిగా తప్పని నేనంటాను. దీనివల్ల జేబుకు చిల్లు పడుతోంది, ఇంకా పదేళ్లు తిరగగల బళ్లు పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరుతున్నాయి, ఒక్కోసారి బండికి నిప్పంటుకుంటోంది.

ముందు ఆ ఇరవై అయిదు సంగతి తేలుద్దాం. పార్కింగ్ స్విచ్ వేస్తే వెలిగేవి ఏమిటి? ముందు రెండు, వెనక రెండు, 5 వాట్ల బల్బులు. నంబర్ ప్లేటు దగ్గర ఇంకో 5 వాట్లు. మీటర్ల వెనక రెండు మూడు చిన్న బల్బులు. అన్నీ కూడినా 35 వాట్లు దాటవు. 12 వోల్టులతో భాగిస్తే 3 ఆంపియర్లకు కాస్త లోపు. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 3 ఆంపియర్లు నడుస్తున్నప్పుడు ఆ ఫ్యూజు ఏళ్ల తరబడి అలాగే ఉండాలి. పైగా ఇప్పటి బ్లేడు ఫ్యూజు రేటింగ్ దాటిన మరుక్షణం తెగదు. కొద్దిగా ఎక్కువైతే నిమిషాల కొద్దీ ఓర్చుకుంటుంది. రెట్టింపు కరెంటు వస్తే 5 సెకన్లలోపు తెగుతుంది. మా ఫ్యూజు, బండి గుంతలో పడ్డ చప్పుడుతోపాటే పోయేది. అంటే ఆ క్షణంలో వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ నేరుగా బాడీ రేకుకు తగిలిందన్నమాట. “లోడెక్కువైంది” అనే మాటకు ఇక్కడ చోటెక్కడిది? ఎక్కడో ఒక తీగ తొక్క ఊడి రేకుకు తగులుతోంది. 25 వేస్తే ఆ తగలడం ఆగుతుందా? ఆగదు. తగిలినప్పుడల్లా మరింత కరెంటును పోనిచ్చే గేటు మాత్రం పెద్దదవుతుంది.

ఇక్కడ మనందరికీ ఉన్న అపోహ ఒకటి తీసేయాలి. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికని, మోటారును కాపాడటానికని అనుకుంటాం. బల్బు కాలితే ఇంకో బల్బు పెట్టుకుంటాం, దాని కోసం ఫ్యూజు అక్కర్లేదు. ఫ్యూజు కాపాడేది తీగను. ఆ తీగ డాష్‌బోర్డు వెనక, కార్పెట్ కింద, తలుపు పక్కన, వెనక సీటు కింద, ఇరవై ముప్ఫై తీగలతో కలిసి ఒకే కట్టలో పోతుంది. దాన్ని ఎంత కరెంటు దాకా వేడెక్కనివ్వొచ్చో లెక్కగట్టి, అంతకు లోపల తెగేలా ఫ్యూజు పెడతారు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ జూల్ 1841లోనే ప్రకటించాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. 10 ఆంపియర్ల చోట 25 పారితే ఆరు రెట్లకు పైన. ఎర్ర ఫ్యూజు తీసి తెల్లది పెట్టిన మనిషి తన చేత్తో ఆ సన్న తీగకు ఇచ్చిన అనుమతి ఇది. ఇక ఆ సర్క్యూట్లో అన్నిటికన్నా ముందు తెగే వస్తువు ఫ్యూజు కాదు, తీగే. అది తెగే ముందు తన తొక్కనూ పక్క తీగల తొక్కల్నీ కాల్చుకుంటూ పోతుంది.

ఈ అలవాటు మనకు బళ్లతో రాలేదు, ఇళ్లలోంచి వచ్చింది. మీటరు బోర్డు మీద తెల్ల పింగాణీ ఫ్యూజులుండేవి. పెళ్లిళ్లప్పుడో, వేసవిలో కూలర్ తెచ్చినప్పుడో ఫ్యూజు పోతే, ఫ్యూజు తీగ కోసం కొట్టుకు పోయేదెవరు? పాత వైరు ముక్క చీల్చి, నాలుగైదు రాగి పోగులు మెలేసి చుట్టేవాళ్లు. “మా ఇంట్లో ఫ్యూజు పోయి పదేళ్లైంది” అని గొప్పగా చెప్పుకునేవాళ్లు కూడా. ఆ చేతులే దారిలో ఆగిపోయిన బండి దగ్గర సిగరెట్ పెట్టెలోని రేకు తీసి గాజు ఫ్యూజుకు చుట్టాయి. రేకుకు రేటింగ్ ఉండదు. ఎంతకు తెగుతుందో, అసలు తెగుతుందో లేదో చుట్టినవాడికీ తెలియదు. అడవి దారిలో అర్ధరాత్రి ఊరు చేరడానికి చేశామంటే అర్థం చేసుకుంటాను. తెల్లారాక కూడా ఆ రేకు అక్కడే ఉంటే మాత్రం ఒప్పుకోను. మన బళ్లలో చాలావాటిలో అది ఏళ్ల తరబడి ఉంటోంది.

తెలిసి చేసే తప్పు అది. తెలియక, మంచి ఉద్దేశంతో చేసే తప్పు ఇంకొకటుంది. అంబాసిడర్ మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు. ఆ కాలపు ఇంగ్లీషు బళ్ల కరెంటు సామాను ఎక్కువగా లూకాస్ వాళ్లది. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది తెగే కరెంటు. ఎడతెగకుండా మోయగలిగేది అందులో సగం, 17 ఆంపియర్లు. అదే ఇంకో పద్ధతిలో తయారైన గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, 35 ఆంపియర్లు నిలకడగా మోస్తుందని. పాత ఫ్యూజు మీద అంకె చూసి, అదే అంకె ఉన్నది కొని పెట్టిన నిజాయితీపరుడు కూడా తనకు తెలియకుండానే రెట్టింపు ఫ్యూజు పెట్టినవాడవుతాడు. పైగా ఆ తరం బళ్లలో చాలావాటికి ఉండేవి రెండే ఫ్యూజులు. ఒకదాని మీద హారన్ లాంటివి, రెండోదాని మీద వైపర్లు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, మీటర్లు. హెడ్‌లైట్లకు ఫ్యూజే ఉండేది కాదు. ఒక ఫ్యూజు పోతే సంబంధం లేనట్టు కనిపించే నాలుగు వస్తువులు ఒక్కసారే ఆగిపోయేవి. “పాత బళ్లకు దయ్యం పడుతుంది” అనే మాట అక్కడ పుట్టింది. నిజానికి ఆ నాలుగూ ఒకే గుమ్మంలోంచి వెళ్లే ఇంటివాళ్లు.

పోయిన ఫ్యూజును చూడకుండా పారేస్తాం. అంతకన్నా పెద్ద పొరపాటు లేదు. గాజు ఫ్యూజు లోపల గోడ నల్లబడి, అద్దంలా వెండి పూత పడితే, తీగ ఒక్క దెబ్బకు ఆవిరైంది, అంటే గట్టి షార్ట్. గాజు శుభ్రంగా ఉండి నడుమ తీగ మెత్తగా కరిగి విడిపోతే, కొద్దిపాటి ఎక్కువ కరెంటు చాలాసేపు పారింది, లేదా ఏళ్ల వేడి చలవలకు అలిసి తెగింది. బ్లేడు ఫ్యూజు లోపలి వంతెన బాగానే ఉండి ఒక కాలు దగ్గర ప్లాస్టిక్ కరిగితే, నేరం కరెంటుది కాదు, ఫ్యూజు కూర్చునే క్లిప్పుది. బిగువు పోయిన క్లిప్పులో, చిలుము పట్టిన కొసలో, ఓంలో పదో వంతు నిరోధం చేరిందనుకోండి. 10 ఆంపియర్లు పారితే అక్కడే ఒక వోల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. గోరంత జాగాలో 10 వాట్లంటే ప్లాస్టిక్ నిలవదు. ఈ రోగానికి పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు పెట్టె మొత్తం కరుగుతుంది. క్లిప్పును ముక్కుపటకారుతో కాస్త నొక్కి, ఎమ్రీ పేపర్‌తో రుద్దితే అయిదు నిమిషాల్లో కుదురుతుంది. మూడు ఫ్యూజులు, మూడు రోగాలు, మూడు వేర్వేరు మందులు. మనం మాత్రం మూడింటికీ వయసనే పేరు పెట్టి ఒకే మందు పోస్తున్నాం.

లోడు నిజంగానే ఎక్కువైన సందర్భాలు లేవని నేననను. ఉన్నాయి. వానాకాలంలోనే వైపర్ల ఫ్యూజు పోతుందంటే, ఎనిమిది నెలలు కదలకుండా ఉన్న ఇరుసులో గ్రీజు ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. మోటారు ఆ బిగువును లాగలేక కరెంటు తాగుతుంది. అక్కడ కావలసింది నాలుగు చుక్కల నూనె. హెడ్‌లైట్లలో కంపెనీ పెట్టిన 60/55 వాట్ల బల్బులు తీసేసి 100/90 పెట్టించుకుంటారు. రెండు బల్బులూ హైబీమ్‌లో 10 ఆంపియర్లు తాగే చోట 16 దాటుతుంది. అదంతా స్టీరింగ్ పక్కనున్న చిన్న స్విచ్‌లోంచే పోవాలి. ముందు ఫ్యూజు పోతుంది. దాన్ని పెంచితే స్విచ్ కాలుతుంది. వెలుగు ఎక్కువ కావాలంటే ముందు ఉన్న బల్బుకు పూర్తి వోల్టేజీ అందుతోందా అని చూడాలి. ఎక్కువసార్లు అదే అందదు. ఆ తర్వాత కూడా చాలకపోతే బ్యాటరీ నుంచి లావు తీగ, దానికో సొంత ఫ్యూజు, ఒక రిలే పెట్టాలి. ప్రెషర్ హారన్లకూ ఫాగ్ లైట్లకూ అదే పద్ధతి. కానీ మన దగ్గర జరిగేదేమిటి? కనిపించిన తీగ తొక్క గీకి, కొత్త తీగ మెలేసి, పైన టేపు చుట్టేస్తారు. రామగుండం ఎండకు, రెంటచింతల ఎండకు ఆ టేపు జిగురు కారి వదిలేస్తుంది. కాకినాడ గాలికి ఆ మెలికలో చిలుము పడుతుంది. అయిదేళ్ల తర్వాత అది షార్ట్ అయితే తిట్లు తినేది మాత్రం బండి వయసే. కంపెనీ నుంచి వచ్చిన కట్ట పాతికేళ్లైనా చెక్కు చెదరకుండా ఉండి, తర్వాత మనుషులు అతికించిన చోట్లే తెగిన బళ్లు నేను ఎన్నో చూశాను.

ఫ్యూజు పోని జబ్బులే అన్నిటికన్నా ఎక్కువ అపార్థానికి గురయ్యేవి. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా మినుకుమంటుంది. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలుగుతుంది. హైబీమ్ వేస్తే ఒక హెడ్‌లైటు పెరిగి రెండోది తగ్గుతుంది. ఇవి చూసే “వైరింగ్ పిచ్చెక్కింది” అంటారు. ఫ్లాషర్ మారుస్తారు, స్విచ్ మారుస్తారు, బల్బులన్నీ మారుస్తారు. రోగం అలాగే ఉంటుంది. ఎందుకంటే రోగం వచ్చే కరెంటులో లేదు, తిరిగిపోయే కరెంటులో ఉంది. బండిలో ప్రతి బల్బుకూ బ్యాటరీ నుంచి ఒక తీగ వస్తుంది. తిరుగు దారి మాత్రం బాడీ రేకే. అంటే ప్రతి సర్క్యూట్లో సగం, మనం చూసే ఈ ఇనుమే. బల్బు హోల్డరు రేకుకు ఎక్కడ కలుస్తుందో ఆ ఎర్తు స్క్రూ కింద తుప్పు చేరితే, కరెంటుకు ఇంటికి పోయే దారి మూసుకుపోతుంది. అది ఊరుకోదు. పక్కనున్న పార్కింగ్ బల్బు తీగలోకి ఎదురెక్కి, అటునుంచి ఇంకో బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. దారిలో ఆ బల్బుల్ని మసకగా వెలిగిస్తుంది. ఇందులో పిచ్చేమీ లేదు. నీళ్లు పల్లానికి పోయినంత మామూలు సంగతి.

డెంటింగ్, పెయింటింగ్ చేయించిన తర్వాత ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. కొత్త రంగు ఎర్తు చోట్ల మీద కూడా కొట్టి, దాని పైనే స్క్రూ బిగిస్తారు. రంగు కరెంటును పోనివ్వదు. బండి తళతళ మెరుస్తుంది, లైట్లు మసకబారతాయి. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే జడలాంటి ఎర్తు పట్టీ సంగతి ఇంకా ఘోరం. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కనుక ఆ పట్టీ లేకపోతే దానికి ఎర్తు లేదు. గేర్‌బాక్సు పనికోసం విప్పి, బిగించడం మరిచిపోతారు. అప్పుడు సెల్ఫ్ కొడితే వంద ఆంపియర్లకు పైగా కరెంటు తిరిగిపోవడానికి దారి లేక, దొరికిన చోక్ కేబుల్లోంచో యాక్సిలరేటర్ కేబుల్లోంచో పరుగెడుతుంది. కేబుల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, పొగ కూడా వస్తుంది. “సెల్ఫ్ వీక్, బ్యాటరీ వీక్” అని రెండూ కొత్తవి కొన్నవాళ్లున్నారు. కావలసింది ఒక పట్టీ, రెండు నట్లు.

ఎర్తు పట్టుకోవడానికి పాండిత్యం అక్కర్లేదు. చౌకరకం మల్టీమీటర్ చాలు. బల్బు వెలుగుతుండగా ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని బల్బు హోల్డరు ఇనుము మీద ఆనించండి. వోల్టులో పదో వంతో రెండు పదో వంతులో చూపిస్తే బాగున్నట్టు. ఒక వోల్టు, రెండు వోల్టులు చూపిస్తే దొంగ అక్కడే ఉన్నాడు. స్క్రూ విప్పి, రేకు మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త వాసెలిన్ రాస్తే సరి.

షార్ట్ పట్టుకోవడం ఇంతకన్నా కష్టమని ఒప్పుకుంటాను. అయినా అదేం గుడ్డి వేట కాదు. మన ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర తరాల నుంచీ ఉన్న టెస్ట్ బల్బు చాలు. పోయిన ఫ్యూజు తీసి ఆ రెండు క్లిప్పుల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించాలి. షార్ట్ ఎంత ఘోరమైనదైనా ఆ బల్బు 2 ఆంపియర్లకు మించి పోనివ్వదు, కనుక ఏదీ కాలదు. మన చేతిలో ఫ్యూజులూ తగలబడవు. ఇప్పుడు స్విచ్ వేస్తే, షార్ట్ ఉంటే ఆ బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది. ఇక ఆ సర్క్యూట్లోని బల్బుల్ని, కనెక్టర్లని ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. దేన్ని ఊడదీస్తే వెలుగు తగ్గిందో రోగం ఆ కొమ్మలో ఉంది. అప్పుడప్పుడే వచ్చే షార్ట్ అయితే ఒకరు బల్బు చూస్తుండాలి, ఇంకొకరు కట్టను అడుగడుగునా పట్టుకుని ఊపాలి. తలుపు మడత, డిక్కీ మడత, ఇంజను గదికీ లోపలికీ మధ్య రేకులో తీగలు దూరే రంధ్రం, స్టీరింగ్ కింద మలుపు, సైలెన్సర్ పక్కన పోయే చోటు. షార్ట్‌లు ఎక్కువగా ఉండేవి ఈ అయిదారు చోట్లే. కదిలే చోట, రాసుకునే చోట, కాలే చోట. పల్లెల్లో ఎలుకలు కొరికిన చోటు ఇంకొకటి. రాగి తీగ కాలంతోపాటు కుళ్లిపోదు. కుళ్లేవి జాయింట్లు, అరిగేవి తొక్కలు, ఊడిపోయేవి రబ్బర్లు. అవి ఎక్కడెక్కడ ఉంటాయో బండి తయారైన రోజునే నిర్ణయమైపోయింది.

“పాత బండి కరెంటు ఎవరికీ అర్థం కాదు, కొత్తవాటికైతే స్కానర్ పెడితే చెప్పేస్తుంది” అనేవాళ్లకు నా జవాబు ఇదే. అసలు సంగతి తలకిందులు. కొత్త బండిలో ఇండికేటర్ వేసినా ఆ ఆజ్ఞ ఒక కంప్యూటర్‌లోకి పోయి, ఇంకో తీగ మీద సందేశంగా బయటికి వస్తుంది. మధ్యలో ఏం జరిగిందో కంటికి కనిపించదు. పాత బండిలో బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్, తీగ, బల్బు, రేకు. అంతే. మొత్తం వైరింగ్ పటం ఒక్క కాగితం మీద పడుతుంది. ఇంగ్లీషు వంశం బళ్లలో తీగల రంగులే చదువు చెబుతాయి: బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ, తాళం తిప్పాక వచ్చేది తెలుపు, ఫ్యూజు దాటి వచ్చేది ఆకుపచ్చ, హెడ్‌లైట్లవి నీలం, పార్కింగువి ఎరుపు, ఎర్తు నలుపు. దీన్ని మించిన తేలికైన యంత్రం మన ఇళ్లలో ఇంకేముంది?

కొత్త వైరింగు వేయించడమే శాశ్వత పరిష్కారమన్న వాదనలో బలముంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. కట్ట మొత్తం ఒకసారి కాలి కరిగిపోయి ఉంటే, లేదా తీగను ఎక్కడ వంచినా తొక్క పెళుసుగా పగిలిపోతుంటే, లేదా పాతకాలపు నూలు తొడుగు పొడిపొడిగా రాలుతుంటే, తప్పకుండా మార్చాల్సిందే. కానీ నాలుగు చోట్ల వంచి చూసి, మెత్తగా ఉందని తెలిశాక కూడా, ఒక్క తీగ ఒక్క చోట రాసుకున్నందుకు మొత్తం పీకడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. కంపెనీ కట్టలో జాయింట్లు తక్కువ, కనెక్టర్లు కొలతకు తగ్గవి. బజారులో చేసే కట్టలో తీగ మందం తగ్గుతుంది, రంగులు మారతాయి, రేకు రంధ్రాల్లో రబ్బర్లు మాయమవుతాయి. అసలు కారణం, అంటే ఆ రబ్బరు లేని రంధ్రం, అక్కడే ఉంటుంది. కొత్త తీగ మళ్లీ అదే అంచుకు రాసుకోవడం మొదలుపెడుతుంది. రెండేళ్లకు ఫ్యూజు పోతుంది. “కొత్త వైరింగు వేయించినా కుదరలేదంటే ఈ బండి జన్మలో బాగుపడదు” అంటారు. చూశారా, వెతకకుండా మార్చిన వైరింగే ఆ పాత నమ్మకానికి సాక్ష్యంగా నిలబడింది.

బ్యాటరీ కథా ఇదే. మూడు రోజులు ఇంట్లో ఉంచితే బ్యాటరీ దిగిపోతోంది కనుక బ్యాటరీ పోయిందంటారు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద అర ఆంపియరు కారుతుంటే 70 గంటల్లో, అంటే మూడు రోజుల లోపే, ఖాళీ. మూత వేశాక కూడా ఆరని డిక్కీ బల్బు ఒక్కటి చాలు, దాదాపు అంత తాగుతుంది. నెగటివ్ తీసి మీటరు మధ్యలో పెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటే లాగితే పది నిమిషాల్లో దొరుకుతుంది.

మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబరులో వచ్చింది. చివరిది 2014లో. అంబాసిడర్ తయారీ ఆగిందీ 2014లోనే. అంటే ఈ రెండింటిలో ఏదీ పదేళ్ల లోపుది కాదు. అయినా మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి, రైతుల ఇళ్ల ముందు, చిన్న ఉద్యోగుల ఇళ్ల ముందు. కొత్తది కొనే స్తోమత లేక కొందరు, తండ్రి నడిపిన బండి వదులుకోలేక కొందరు ఉంచుకున్నారు. 15 ఏళ్లు దాటిన సొంత బండిని మన రెండు రాష్ట్రాల్లోనూ పరీక్ష చేసి, బాగుంటే అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. చట్టం కూడా బండిని చూసి తేల్చమంటోంది, పుట్టిన సంవత్సరాన్ని చూసి కాదు. అటువంటి ఇంటికి “పాత బండి ఇంతే” అనే మాట ఎంత ఖరీదైనదో షాపుల ముందు నిలబడి తలూపేవాళ్లు ఆలోచించడం లేదు.

ఇంతసేపూ ఎలక్ట్రీషియన్ మీద నేరం మోపినట్టుంది కానీ నా కోపం అతని మీద కాదు. ఈ నమ్మకాన్ని పోషిస్తున్నది మనమే, బండి యజమానులం. కొత్త ఫ్యూజు పెట్టి, స్విచ్ మార్చి, బిల్లు రాస్తే మాట్లాడకుండా ఇస్తాం. ఎందుకంటే వస్తువు చేతిలో కనిపిస్తుంది. మూడు గంటలు డాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకుని, ఒక తీగకు స్లీవు తొడిగి బాగుచేసినవాడు అయిదు వందలడిగితే, “టేపు ముక్కకు అయిదు వందలా?” అంటాం. డాక్టరు మందు రాయకుండా “ఏం లేదు, భయపడకండి” అన్నా ఫీజు ఇచ్చి వస్తాం కదా. ఇక్కడెందుకు ఇవ్వం? వెతికితే డబ్బు రాదని అతనికి మనమే నేర్పాం. మార్చితే వస్తుందనీ మనమే నేర్పాం. ఇక అతను వెతకడం మానేసి, వెతకడం అసాధ్యమని మనకు తిరిగి చెబుతున్నాడు. మనం నమ్ముతున్నాం. ఆటోనగర్ల నిండా చూపుతో, చెవితో రోగం పట్టే మనుషులు ఇంకా ఉన్నారు. ఆ విద్యకు కూలి దొరకక వాళ్ల పిల్లలు దాన్ని నేర్చుకోవడం లేదు.

మా కారు సంగతి చెప్పి ముగిస్తాను. ఇరవై అయిదు ఫ్యూజును నేను తీయించేసి, వారం తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మొదట అడిగింది, “ఏ ఫ్యూజు?” అని కాదు. “ఎప్పుడు పోతోంది బాబూ, పగలా రాత్రా? ఖాళీ బండా, సామానేసినప్పుడా?” అని. మూడుసార్లూ ఊరి నుంచి బియ్యం బస్తాతో వస్తున్నప్పుడే అని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఫ్యూజు చోట బల్బు తగిలించి, కుర్రాణ్ణి దాని ముందు కూర్చోబెట్టి, తను డిక్కీ దగ్గరికి వెళ్లాడు. మూత ఎత్తి దించాడు. ఏమీ లేదు. ఇద్దర్ని డిక్కీ అంచు మీద కూర్చోమని మళ్లీ దించాడు. “వెలిగింది!” అని కుర్రాడు అరిచాడు. నంబర్ ప్లేటు బల్బు తీగ మూతలోకి దూరే రంధ్రంలో రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. బరువుకు బాడీ కాస్త వంగినప్పుడు ఆ తీగ సాగి అంచుకు తగులుతోంది. తొక్క అర అంగుళం మేర కోసుకుపోయి, లోపల రాగి మెరుస్తోంది.

తీగ కోసి, తగరం పోసి అతికి, స్లీవు తొడిగి, కొత్త రబ్బరు దూర్చి, 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పెట్టాడు. రెండున్నర గంటలు పట్టింది. ఎంతివ్వమంటారంటే, “సామానేం పడలేదుగా, వంద ఇవ్వండి” అన్నాడు. ఆ గంటలకు కూడా కట్టి ఇస్తుంటే తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. బిల్లు కావాలన్నాను. పుస్తకం తెరిచి కాసేపు ఆలోచించాడు. ఆ పనికి అందులో రాయడానికి పేరు లేదు. చివరికి “రబ్బరు - 1” అని రాసి చించి ఇచ్చాడు.